ఆషాఢంలో మడతపార

పుట్టింటికి వచ్చిన సాయంత్రం అమ్మ నా పెట్టె సర్దుతూ, పట్టుచీరల అడుగు నుంచి పాత తువ్వాలులో చుట్టిన బరువైన వస్తువొకటి పైకి తీసింది. తువ్వాలు విప్పగానే తుప్పు పొడి ఆమె ఒళ్ళోకి రాలింది.

“ఏవండీ! ఓసారి ఇలా రండి. మీ అమ్మాయి అత్తారింటి నుంచి పార తెచ్చుకుందండీ!”

వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్న నాన్న లేచి వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశారు.

“పారేనా ఇది? పట్టుకునే కామ ఏదీ?”

“కామ దాని కిందే ఉంది నాన్నా. మడిచి ఉంది. మడతపార. మిలిటరీవాళ్ళది.”

“మిలిటరీవాళ్ళది మనింటికెందుకొచ్చిందే?” అంది మంచం మీద కూర్చుని తమలపాకులకి సున్నం రాసుకుంటున్న నాన్నమ్మ. మా నాన్నమ్మ బుచ్చమ్మగారికి చెవులు మా అందరికంటే బాగా వినిపిస్తాయి. “ఆషాఢంలో ఆడపిల్ల గోరింటాకు పెట్టుకోడానికొస్తుంది గాని గోతులు తవ్వడానికొస్తుందా? అసలివాళ ఏ వారం? శనివారం ఇనుము గుమ్మం దాటించేవా ఏంటి?”

“గురువారం నాన్నమ్మా.”

“బతికించేవు.”

మా పెళ్ళి మే నెలలో అయింది. మా ఆయన కిషోర్ దోహాలో సర్వేయరు. ‘మా ఆయన’ అని రాస్తుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది, ఆ మాట ఇంకా కొత్త చెప్పుల్లాగే ఉంది. సెలవు పెట్టుకుని వచ్చి నన్ను చేసుకున్నారు. వాళ్ళది మురమళ్ళ, మాది పలివెల. మధ్య దూరం ఎంతో లేదు. పొద్దున్న బస్సెక్కితే ఎండ ముదరకముందే చేరిపోవచ్చు. అయినా ఆషాఢం రాగానే ఆ కాస్త దూరమూ సముద్రమైపోయింది. ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారున్న ఇంటి గడప దాటకూడదు, కొత్త అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. అంటే ఆ ఇంటికి నేను వెళ్ళకూడదు, ఈ ఇంటికి ఆయన రాకూడదు. కాలేజీలో ఉన్నప్పుడు పెళ్ళయిన సీనియర్లు ఈ నెలలో ముఖాలు వేలాడేసుకుని ఉంటే మేమంతా ఏడిపించేవాళ్ళం. నెల రోజులకే ఇంత గోలా అనుకునేదాన్ని. ఒక నెలలో ఎన్ని మధ్యాహ్నాలుంటాయో నాకప్పుడు తెలియదు.

ఒక్కటే ధైర్యం. ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చాక, ఆయన తిరిగి విమానం ఎక్కేలోపు వారం పది రోజులు మాకు మిగులుతాయి. ఆ రోజుల కోసమే ఈ పార.

ఇది మురమళ్ళ ఇంట్లో అటక మీద దొరికింది. అత్తయ్యగారు గంగాళం దింపమంటే ఆయన పైకెక్కారు. నేను నిచ్చెన పట్టుకున్నాను. గంగాళం కంటే ముందు ఈ పార నా చేతుల్లోకి వచ్చింది, “జాగ్రత్త, జాగ్రత్త!” అంటూ బంగారు వడ్డాణం అందించినట్టు అందించారు. హైదరాబాదులో చదువుకునేటప్పుడు ఆదివారం పూట రోడ్డు పక్కన పరిచి అమ్మే చోట కొన్నారట. సైన్యంవాళ్ళు వాడి వాడి, పాతబడ్డాక వేలం వేసిన సామాను. స్నేహితులతో కలిసి మారేడుమిల్లి అడవుల్లో టెంట్లు వేసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా ఇది ఆయన వీపు మీద ఉండేదట.

“టెంటు చుట్టూ దీంతో చిన్న కాలవ తవ్వేవాళ్ళం. ఎంత వానొచ్చినా లోపలికి చుక్క రాదు. ఈ మెడ దగ్గర బిగింపు తిప్పితే రేకు లేస్తుంది. అడ్డంగా బిగిస్తే మన పార, తిన్నగా బిగిస్తే రోడ్డు పనివాళ్ళ షవల్. మడిస్తే సంచిలో పడుతుంది” అంటూ తిప్పబోయారు. అది తిరగలేదు. పళ్ళు బిగించి తిప్పారు. అయినా కదల్లేదు. మా ఊళ్ళ ఉప్పుగాలి ఇన్నేళ్ళూ దాన్ని అటక మీద తీరిగ్గా తినేసింది.

“పోనీలెండి” అన్నాను.

“పోనీలెండి కాదు మాధురీ. ఇది గనక తెరుచుకుంటే, నేను వెళ్ళేలోపు ఓ రోజంతా ఎక్కడైనా ఆరుబయట ఉందాం. పొయ్యి నేనే తవ్వుతా, వంట నేనే చేస్తా. నువ్వు ఊరికే కూర్చుని నన్ను చూడు.”

చూడటానికి నాకేం కష్టం! అటక మీద బూజంతా జుట్టుకి పట్టించుకుని, నిచ్చెన మెట్టు మీద కూర్చుని ఆ మాట చెబుతున్న మనిషిని అప్పుడే చూస్తూ ఉన్నాను. అందుకే ఆషాఢానికి బయలుదేరే ముందు ఎవరికీ చెప్పకుండా పారని పెట్టెలో పెట్టుకున్నాను. శ్రావణంలో తళతళలాడే పార ఆయన ముందు పెట్టి ఆశ్చర్యపరుద్దామని. ఆ ఆశ్చర్యం గంట కూడా నిలవలేదు. అమ్మ వెంటనే ఫోన్ చేసి అత్తయ్యగారికి చెప్పేసింది.

“మావాడి పారండీ అది. పెళ్ళాన్ని తీసుకెళ్ళేరంటే ఊరుకున్నాడు గాని పార లేదంటే ఊరుకుంటాడా?” అని అత్తయ్యగారు నవ్వడం నాకు ఫోన్లోంచి వినిపించింది.

మర్నాడు పొద్దున్నే పెరట్లో నూతి పక్కన దుకాణం పెట్టాను. చిల్లు బకెట్టుకి అడుగున గుడ్డ కుక్కి, పార మెడని అందులో దించి, నాన్న నీళ్ళ ఇంజనుకి తెచ్చుకున్న డీజిలు పోశాను. సాయంత్రం తీసి, బట్టలుతికే కర్రతో చుట్టూ మెల్లగా కొట్టాను. కదల్లేదు. మళ్ళీ డీజిల్లో పెట్టాను. మధ్యలో రేకు పని. కొబ్బరి పీచు, ఇటుక పొడి, ఆ తర్వాత గరుకు కాగితం. తోమేకొద్దీ ఎర్రటి నీళ్ళు, ఆ కింద నల్లటి పొర, దాని కింద ఎక్కడో గోరంత మేర బూడిదరంగు ఇనుము. ఆ గోరంత ఇనుము కనిపించిన రోజు నాకు పరీక్షలో ఫస్టొచ్చినంత సంతోషం. ఫోటో తీసి పంపిస్తే ఆయన వెంటనే ఫోన్ చేశారు.

“ఏం చేస్తున్నావు?”

“మీ పారకి స్నానం చేయిస్తున్నాను.”

“అదృష్టవంతురాలు. నాకొక్కసారీ చేయించలేదు.”

“ఛీ, ఊరుకోండి. స్పీకర్లో ఉంది. నాన్నమ్మ పక్కనే ఉంది.”

అటువైపు నుంచి వెంటనే బుద్ధిమంతుడి గొంతు వచ్చింది. “నమస్కారమండీ మామ్మగారూ.”

“ఆయ్, బాగున్నారా బాబూ? కాఫీ తాగేరా? మీ అమ్మగారు కులాసాయేనా?” అంది నాన్నమ్మ తేనె పూసినట్టు. ఈ మనిషే ఆయన్ని మా వీధి మలుపు కూడా తిరగనివ్వననేది!

ఫోన్ పెట్టేశాక నా చేతుల్ని పట్టుకుని తిప్పి చూసింది. గోళ్ళ చుట్టూ తుప్పు ఎర్రగా పట్టి ఉంది.

“గోరింటాకు పండిందే నీకు” అంది.

చేతిలో పని ఉంటే రోజు గడుస్తుందనుకున్నాను. గడిచేది కూడా. కాని తోముతూ తోముతూ ఉండగా ఒక్కోసారి చేతులు వాటంతటవే ఆగిపోయేవి. కాలవకి నీళ్ళొదిలారు, చుట్టూ చేలల్లో నారుమళ్ళు పచ్చగా లేస్తున్నాయి, ఏ క్షణమైనా చినుకు పడేలా ఉండేది ఆకాశం. అంత చల్లటి పూట ఆయన ఒక ఊళ్ళో, నేను ఒక ఊళ్ళో ఏం చేస్తున్నట్టు? ఫోన్లో ముఖం కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది. అవి ఉన్నాయి కాబట్టి ఇంకేం కావాలని అమ్మ అడుగుతుంది. ఆయన పక్కన నడుస్తుంటే అడుగు కలపడానికి నేను కాస్త గబగబా నడవాలి. అన్నం తినేటప్పుడు ఆవకాయ ముక్క చీకి, టెంకని నా కంచంలో వేస్తారు. ఇలాంటివి ఫోన్లో రావని అమ్మకి ఎలా చెప్పను?

ఒక మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తున్న వేళ, తడిగుడ్డ చుట్టి ఊరికే అలా తిప్పానో లేదో, బిగింపు ‘కిర్రు’మని ఒక నువ్వుగింజంత జరిగింది. కెవ్వుమని అరిచాను. అమ్మ చీపురుతో, నాన్న కర్రతో పరుగెత్తుకొచ్చారు.

“ఏదీ, ఎటెళ్ళింది?” అన్నారు నాన్న.

“పాము కాదు నాన్నా. తిరిగింది!”

“ఏం తిరిగింది?”

“బిగింపు!”

నాన్న కర్ర కింద పడేసి, నా పక్కన గొంతుక్కూర్చున్నారు. కాస్త ఆయన, కాస్త నేను తిప్పాం. అటు పావు, ఇటు పావు. చివరికి రేకు, నిద్రలో ఉన్న మనిషి తల ఎత్తినట్టు, కామ మీద నుంచి లేచింది. నాన్న దాన్ని మడిచి, తెరిచి, అడ్డంగా బిగించి, మళ్ళీ తెరిచి, “భలే ఉందే!” అన్నారు. ఆ సాయంత్రం దాకా నా చేతికి ఇవ్వలేదు. ఆకురాయి తెచ్చి అంచుకి పదును కూడా ఆయనే పెట్టారు.

ఇక మా ఇంటి తెలివి చెప్పాలి. మా ఇంట్లో కొబ్బరినూనె చెయ్యని పని లేదు. తలకి అదే, చెవిపోటుకి అదే, తలుపు కిర్రుమన్నా, కుట్టుమిషను బిగిసినా, నాన్నమ్మ మోకాళ్ళు పట్టేసినా అదే. “డీజిలు కంపుతో ఎంతకాలమే, శుభ్రంగా మన కాయల నూనె పట్టించు” అని అమ్మ గిన్నెడు నూనె తెచ్చి ఇచ్చింది. నేను రేకుకి, బిగింపుకి, కామకి ధారాళంగా పట్టించాను. ఎండిపోయిన కర్ర ఎంత తాగిందో! పాతకాలపు పెళ్ళికొడుకులా నిగనిగలాడింది. వెనక అరుగు మీద పడుకోబెట్టి వచ్చాను.

పొద్దున్న చూస్తే పార కనిపించలేదు. ఎర్రచీమలు కనిపించాయి. గోడ మీద నుంచి బారు తీరి వచ్చి, బిగింపు సందుల్లోంచి లోపలికి, బయటికి కాపురం పెట్టేశాయి. కామ చివర బెత్తెడు మేర ఎలక కొరికేసింది.

“ప్రపంచంలో ఏ సైన్యమూ పారలకి కొబ్బరినూనె రాయదు మాధురీ!” ఆయన ఫోన్లో నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు.

“మా పలివెలకి సైన్యం ఉంటే రాసేదండీ.”

“ఎలకలే గెలిచేవి.”

కామని నీళ్ళలో కడిగి, ఎండబెట్టి, గాజుపెంకుతో ఆ నూనె పొరంతా గీకడం మొదలుపెట్టాను. చివర కొరికిన ముక్కని నాన్న రంపంతో కోసేశారు. గీకిన కర్ర లోపల నుంచి లేతగా, కొత్తగా బయటపడింది. పెచ్చులు లేచి గరగరలాడుతోంది, దాన్ని గరుకు కాగితంతో నున్నగా చెయ్యాలి, అవిసె నూనె పట్టించి ఆరబెట్టాలి. నాకేం తొందర? శ్రావణం ఇంకా చాలా దూరం.

ఆ పూటే ఆయన మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

“మాధురీ, ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. నా బదులు చూస్తున్నతను జబ్బుపడ్డాడట. టిక్కెట్టు ముందుకి మార్చేశారు. మంగళవారం మధ్యాహ్నం ఫ్లైటు.”

“ఏ మంగళవారం?”

“వచ్చే మంగళవారం.”

శుక్రవారం అది. చేతిలో గాజుపెంకు అలాగే ఉంది. “బట్టలు ఉతికించుకున్నారా?” అన్నాను.

“ఉతికించుకున్నాను” అన్నారాయన.

ఇద్దరం ఆ బట్టల గురించే కాసేపు మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక లెక్క అర్థమైంది. శ్రావణం వస్తుంది గాని ఆయన ఉండరు. మళ్ళీ సెలవు ఏడాదికి. మళ్ళీ చూడకుండానే వెళ్ళిపోతారు. మేము విడిపోయిన రోజు బస్టాండులో నేను ఆయన వైపు సరిగ్గా చూడను కూడా లేదు, మామయ్యగారు పక్కనున్నారని సిగ్గుపడి, బస్సు అద్దంలోంచి చెయ్యి ఊపాను, అంతే.

వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. అమ్మ పోపు ఆపేసి నన్ను చూసింది. తర్వాత నడవలోకి చూసింది, నాన్నమ్మ వైపు.

“అత్తయ్యగారూ, అల్లుడుగారు ఒక్క పూటకి వచ్చి వెళ్తే...”

“ఆషాఢంలోనా?” నాన్నమ్మ చేతిలో ఆకు పక్కన పెట్టింది. “భవానీ, నీకు తెలిసే అంటున్నావా?”

“నెలల తరబడి వెళ్ళిపోతాడమ్మా కుర్రాడు” అన్నారు నాన్న గుమ్మం దగ్గర నుంచి.

“వెళ్ళిపోతాడనేరా నా భయం. దూరదేశం వెళ్ళేవాడు. ఎండలో, ఎత్తుల మీద పని. వెళ్ళే ముందు చెయ్యకూడనిది చేసి వెళ్ళాడని, రేపు కాలు బెణికినా నా మనసుకి అదే తోస్తుంది. నాకు తోస్తే మీకూ తోస్తుంది. దీనికి అందరికంటే ముందు తోస్తుంది.” నా వైపు చూపించింది.

ఇలాంటి వాటి మీద నమ్మకం లేదని చెప్పుకునేదాన్నే గాని, ఆయన కాలు బెణికినట్టు ఊహించగానే నా కాలు లాగింది.

అయినా నోరు ఊరుకోలేదు. “మరి బస్టాండులో కలిస్తే?”

“బస్టాండుకి గడపుందా? కలుసుకోండి.”

“కొత్తపేట హోటల్లో కాఫీ తాగితే?”

“దానికి గడపుంటుంది గాని అది మీ అమ్మది కాదుగా. తాగండి.”

“గడపే కదా నాన్నమ్మా అడ్డం?”

“గడపేనే.”

నేను నాన్న వైపు చూశాను. నాన్న నా వైపు చూశారు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

“అమ్మా, మన కాలవ గట్టు తోటకి గడప లేదు. కంచే ఉంది” అన్నారు నాన్న.

నాన్నమ్మ చాలాసేపు నమిలింది. ఆకులు లేకుండానే. “కంచె గడప అవదు” అంది చివరికి. “తోటలో పాక ఉంది కదా, దాన్లోకి మాత్రం వెళ్ళకూడదు. దాని గుమ్మానికి కింద దూలం అడ్డం ఉంది, అదీ గడపే. బయటే. భవానీ, నువ్వు మాత్రం ఆ తోటలో కాలు పెట్టకు. తోట మనింటిదేగా, అత్త ఉన్న చోటే అత్తగారిల్లు.”

“ఆయ్, అలాగేనండి” అంది అమ్మ. మొహం మటుకు చిన్నబోయింది. అల్లుడు వస్తుంటే చూడకుండా ఉండటమేమిటని.

ఆదివారం అనుకున్నాం. పొద్దున్నించి సాయంత్రం దాకా. నాటుకోడి నాన్న చెప్పి ఉంచారు. నేను టార్పాలిన్ పట్టా, తాళ్ళు, గిన్నెలు, కొబ్బరి డొక్కలు అన్నీ తోటకి చేరవేశాను. శనివారం సాయంత్రం ఆయన ఫోన్ చేసి, ఆదివారం చుట్టాలు వస్తున్నారనీ, పెద్దనాన్నగారు కదలనివ్వడం లేదనీ చెప్పారు. “సోమవారం హైదరాబాదు బస్సు రావులపాలెంలో. సామాను నాగసతీష్ కారులో తెస్తాడు. నేను బండి మీద ముందే బయలుదేరి తోటకి వచ్చేస్తా. మధ్యాహ్నం నుంచీ నీ దగ్గరే.” నాగసతీష్ అంటే ఆయన పినతండ్రి కొడుకు. రోజంతా అన్నది పూటైంది. పూట కూడా పూటగా రాలేదు. సోమవారం అమలాపురంలో ట్రాఫిక్కులో ఇరుక్కుని, తడిసి, బండి తోట కంచె దగ్గర ఆగేసరికి మబ్బు కమ్మి సాయంత్రంలా ఉంది.

హెల్మెట్ తీశారు. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. నేను పరుగెత్తి వెళ్ళాలనుకున్నాను, నాన్న ఉన్నారని ఆగిపోయాను. నాన్న అది గమనించి, “నేను కోడి సంగతి చూసొస్తానండీ అల్లుడుగారూ” అని, కోడి అక్కడే గిన్నెలో ముక్కలై ఉందన్న సంగతి మరిచిపోయి, గట్టు దిగి వెళ్ళిపోయారు.

“ఏదీ?” అన్నారాయన.

మాకిద్దరికీ ముందు పారే అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. సంచిలోంచి తీసి ఇచ్చాను. బిగింపు తిప్పారు. వెన్నలో తిరిగినట్టు తిరిగింది. రేకు లేపి, తిన్నగా బిగించి, అంచు మీద వేలు ఆనించి చూసి, నన్ను చూశారు.

“నువ్వు చేశావా ఇదంతా?”

“నేనూ, నాన్నా, చీమలూ.”

నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉండగా నా కళ్ళలోంచి నీళ్ళొచ్చేశాయి. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. అంతే, మరేం లేదు. కాని ఆ చేతి బరువు ఎలా ఉంటుందో నేను మరిచిపోయానని అప్పుడే తెలిసింది.

“అదిగో!” అన్నారు గబుక్కున చెయ్యి వదిలేసి.

కాలవకి అవతలి గట్టు మీద గొడుగు వేసుకుని అమ్మ నిలబడి ఉంది. తోటలో కాలు పెట్టలేదు, మాట తప్పలేదు. ఆయన రెండు చేతులూ జోడించి, గట్టిగా, “నమస్కారమండీ అత్తయ్యగారూ!” అని అరిచారు.

“ఆయ్! చిక్కిపోయేరండీ!” అని అమ్మ అవతలి నుంచి అరిచింది. “కారం ఎక్కువెయ్యొద్దని చెప్పండి దానికి! ఆ ఎర్రగిన్నెలో జీడిపప్పు ముద్ద ఉంది! ఆఖర్న కలపాలి!”

“అలాగేనండీ!”

“మంచినీళ్ళు అక్కడివి తాగకండీ! సీసాలో పెట్టేను!”

కాలవ మీదుగా ఆ సంభాషణ ఊరంతా విని ఉంటుంది. చినుకులు మొదలయ్యాయి. అమ్మ గొడుగు ఎత్తి ఊపి, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళిపోయింది.

ఆయన పొయ్యి కోసం గుంట తవ్వడం మొదలుపెట్టారు. ఒండ్రు మట్టి, మెత్తగా కేకు కోసినట్టు వచ్చింది. రెండు చెట్లకి పట్టా కట్టి, కింద నేను డొక్కలు పేర్చి, నిప్పు అంటించాను. పొగ లేచింది. మంట ఇంకా రానేలేదు, వాన ఒక్కసారిగా కుమ్మేసింది. కొబ్బరి కమ్మల మీద వాన పడితే ఆ చప్పుడుకి మాట వినపడదు. గుంటలోకి నీళ్ళు దిగి, పొయ్యి ‘సుయ్’మని ఆరిపోయింది. ఎత్తు నుంచి నీళ్ళు మా పట్టా కిందికి పాకుతూ వస్తున్నాయి.

“కాలవ! కాలవ తవ్వాలి!” అని ఆయన వానలోకి దూకారు. పట్టా చుట్టూ వంగి తవ్వుకుంటూ వెళ్తున్నారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నేను ఆగలేక దిగాను. “ఇటివ్వండి, నేను తవ్వుతాను.” “నీకెందుకు, తడుస్తావు.” “తడిసిపోయానుగా!” పార లాక్కున్నాను. ఆయన మళ్ళీ లాక్కున్నారు. చెరికాసేపు తవ్వాం. చివరి మూర తెగ్గొట్టగానే నీళ్ళు దారి మార్చుకుని, బుద్ధిగా ఆ చిన్న కాలవలోంచి పట్టా చుట్టూ తిరిగి పెద్ద కాలవ వైపు వెళ్ళిపోయాయి. నేను చప్పట్లు కొట్టాను.

పట్టా కింద కాస్త చోటు పొడిగా మిగిలింది. ఇద్దరం అందులో కూర్చున్నాం, భుజానికి భుజం. చుట్టూ వాన. వండనే లేదు. అమ్మ పెట్టిన సీసాలో నీళ్ళు తాగి, జీడిపప్పు ముద్ద వేలితో తీసుకుని తిన్నాం.

“దీన్ని తీసుకెళ్ళనా?” అన్నారు పారని చూపించి.

“తీసుకెళ్ళండి. మీ కోసమే కదా.”

అంతలోనే దాన్ని మడిచి నా ఒళ్ళో పెట్టారు. “వద్దులే. ఎయిర్‌పోర్టులో దీని చరిత్రంతా చెప్పాల్సొస్తుంది. ఇక్కడే ఉండనీ.”

“మరి అక్కడ మీకు?”

“అక్కడ ఇసకండి మాధురిగారూ. ఎంత తవ్వినా నిలవదు.”

నన్ను అండీ అన్నప్పుడల్లా నేను గిల్లుతాను. గిల్లాను. ఏడాది అనే మాట ఇద్దరి మధ్యా ఉంది, ఎవరం ఎత్తలేదు. వాన తగ్గుతుంటే నాకు కోపం వచ్చింది. ఇంకాసేపు పడితే దాని సొమ్మేం పోయింది?

ఫోన్ మోగింది. నాగసతీష్. “అన్నయ్యా, నేను రావులపాలెంలో ఉన్నా. బస్సు టైమైపోతోంది. వదినని అడిగేనని చెప్పు. తొందరగా రా.”

లేచారు. కంచె దాకా వచ్చాను. బండి కిక్కు కొట్టే ముందు నా తల మీద చెయ్యి పెట్టి, జుట్టులోంచి కొబ్బరి కమ్మ పుల్ల ఒకటి తీసి, దాన్ని జేబులో వేసుకున్నారు. వెళ్ళిపోయారు. నేను చెయ్యి ఊపలేదు, ఈసారి సరిగ్గా చూశాను. మలుపు తిరిగేదాకా చూశాను. బండి చప్పుడు వినిపించినంతసేపూ విన్నాను.

ఇంటికి వెళ్ళాక నాన్నమ్మ నన్ను దగ్గరికి పిలిచి తల తుడిచింది. “పాకలోకి వెళ్ళలేదు కదా?” అంది.

“లేదు నాన్నమ్మా.”

“వానొచ్చింది కదే. మరి ఎక్కడున్నారు?”

“బయటే.”

ఆవిడ తువ్వాలుతో తుడుస్తూనే ఉంది, నా జుట్టు ఆరిపోయాక కూడా.

దీపాలు పెట్టే వేళకి ఫోన్ వచ్చింది. బస్సులోంచి. వెనక హారన్లు, ఎవరో పిల్లాడి ఏడుపు.

“బస్సెక్కాను. కిటికీ సీటు. నీ పార నా చేతిని పొక్కించింది, తెలుసా?”

“అయ్యో! ఎక్కడ?”

“కుడిచెయ్యి, బొటనవేలి కింద. ఆ కామ గరగరలాడుతోంది. తవ్వినంతసేపూ తెలియలేదు. ఇప్పుడు కడ్డీ పట్టుకుంటే మండుతోంది.”

“నున్నగా చెయ్యడానికి టైము లేదండీ. శుక్రవారమే గీకాను. తర్వాత తోట పనే సరిపోయింది.”

“తిడుతున్నాననుకున్నావా? ఊరికే చెప్పాను. ఆ పొక్కుని వేలితో నొక్కుకుంటూ కూర్చున్నాను.”

“బస్సు దిగాక ఏదైనా మందు రాసుకోండి” అన్నాను నోటితో. రాసుకోకూడదని, కనీసం దోహాలో దిగి ఆ గదిలో సామాను పెట్టుకునేదాకా మానకూడదని, లోపల కోరుకున్నాను.

“రాసుకోను” అన్నారాయన.